ఎడమ స్పీకరు

మా బావకు కుదురు లేదు. కూర్చుంటే కాలు ఆడుతుంది, నిలబడితే చెయ్యి ఆడుతుంది. స్పీకరు వినేటప్పుడు మాత్రం కదలడు, మెదలడు.

పాత స్పీకర్లు బాగుచేసే దుకాణం మాది. తీగ చుట్టడం, అతికించడం నా పని. విని తీర్పు చెప్పడం ఆయన పని. బాగుచేసిన ప్రతిదాన్నీ తన కుర్చీలో కూర్చుని విని, వెనక చెక్క మీద సుద్దముక్కతో "విన్నాను" అని రాస్తాడు. ఆ మాట లేనిదే ఏదీ గుమ్మం దాటదు. ఇరవై రెండేళ్లుగా ఆ సుద్దముక్క ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నేను అడిగితే, "ముందు చెవులు పెంచుకో మరదలుపిల్లా" అనేవాడు. నాకు నలభై దాటినా ఆయనకు పిల్లనే.

ఆ వారం సంగీతం టీచరుగారి స్పీకర్ల జత వచ్చింది. సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లలో, కాయిల్ అనే తీగచుట్ట చుట్టూ ఉండే సందులో నల్లటి ద్రవం ఉంటుంది. కంటికి ఆనని ఇనుపరజను కలిసిన నూనె అది. అయస్కాంతం దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఎండి చిక్కబడితే స్పీకరు గొంతు పూడుకుపోతుంది. రెండింటిలోనూ పాతది తుడిచి కొత్తది వేశాం.

బావ విన్నాడు. "ఎడమది మందంగా ఉంది."

విప్పాం, తుడిచాం, వేశాం. మళ్లీ అదే మాట. మూడోసారికి స్క్రూల తలలు అరిగిపోయాయి, నా ఓపిక కూడా. నాకైతే రెండూ ఒకేలా వినిపించాయి. ఆ మాటే అంటే, "నీకేం తెలుసు?" అని కసిరాడు. ఆయన కసరడం నాకు కొత్త. లేస్తూ బల్ల అంచు పట్టుకోవడం అంతకన్నా కొత్త.

"ఏంటి బావా?"

"ఏం లేదు. కాలు తిమ్మిరెక్కింది."

నిన్న మెట్ల దగ్గర తూలినప్పుడూ ఇదే తిమ్మిరి అన్నాడు.

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లగానే ఒక పని చేశాను. రెండు స్పీకర్లనూ చోటు మార్చి పెట్టాను. వచ్చి కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు.

"చూశావా, ఎడమదే! చచ్చినా దారికి రావట్లేదు."

చెప్పకపోతే మళ్లీ విప్పిస్తాడు. చెబితే ఏమవుతాడో అని భయం.

"బావా, అవి అటూ ఇటూ మార్చాను. ఇప్పుడు ఎడమన ఉన్నది ఇందాకటి కుడిది."

ఆయన ఒక చెవి మూసుకుని విన్నాడు, తర్వాత రెండోది. నా వంక చూడలేదు.

ఆ సాయంత్రం చెవి డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. లోపలి చెవిలో మెలికలు తిరిగిన గొట్టాలుంటాయి, వాటినిండా ద్రవం. మనిషి వినడానికీ, తూలకుండా నిలబడటానికీ అదే ఆధారం. ఈయనకు ఎడమవైపు అది ఎక్కువై ఒత్తుతోంది. ఉప్పు తగ్గించి మందులు వాడితే తల తిరగడం తగ్గొచ్చు, వినికిడి సంగతి మాత్రం చెప్పలేనంది.

"పాతది తీసి కొత్తది వేయడం కుదరదా?" అన్నాడు బావ. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే రెండు గాజుపలకల మధ్య కాస్త నీళ్లతో పాటు ఆ నల్ల ద్రవం చుక్క వేసి, కింద పెద్ద అయస్కాంతం పెట్టాడు. చుక్క వంకర్లు పోయి, చీలి, సందుల్లో సందులుగా పలకంతా పాకింది. డాక్టరమ్మ బొమ్మకన్నా చిక్కుగా ఉంది. అయస్కాంతం తీస్తే ఆ సందులన్నీ మూసుకుపోయి మళ్లీ చుక్క అయింది. పెట్టాడు, తీశాడు, పెట్టాడు, తీశాడు. చూసి చూసి నాకు విసుగూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"దీనికైతే కింద నుంచి తీసేయడానికి అయస్కాంతం ఉంది" అన్నాడు. "నాకేది?"

"టీచరుగారు పదకొండింటికి వస్తారు బావా."

బల్ల పట్టుకుని లేచాడు. తన కుర్చీ నా వైపు తోశాడు.

"కూర్చో. నా మొహం చూడకు. విని చెప్పు."

పాట పెట్టాడు. కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు ఆడుతున్నది నా కాలు. పాట అయిపోయేదాకా ఒక్క స్వరం కూడా వదల్లేదు.

"రెండూ ఒకటే బావా."

"ఒట్టు?"

"ఒట్టు."

జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. వెనక చెక్క మీద మొదటి అక్షరం రాశాను.

"గట్టిగా నొక్కి రాయి, చెరిగిపోకుండా" అన్నాడు.

సరే అన్నాను. ఆయన జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడ్డాడు. నేను ఉన్నది ఆయనకు ఎడమవైపు. లేచి కుడివైపుకు వెళ్లి మళ్లీ చెప్పాను.