అగరొత్తి పొగ

ఐటీ ఉద్యోగాలకని మావాళ్లంతా సింగపూర్‌కు ఎగబడుతున్న రోజులవి. అక్కడి బుకిట్ బటోక్ పేటలో నాకు గది అద్దెకిచ్చిన ఆంటీ, పూజయ్యాక అగరొత్తిని దేవుడి దగ్గర ఉంచేది కాదు. స్టూలెక్కి, సీలింగు కింద సాగే ఏసీ గొట్టం అతుకుల దగ్గర పట్టుకునేది. పొగ చెదిరిందంటే అక్కడ చల్లగాలి బయటికి పోతున్నట్టే.

"చూడు నాయనా, చల్లదనమంతా హాల్లోనే పోతా ఉంది. మీ అంకుల్ రూముకు ఏమీ చేరడంలే. కరెంటు బిల్లు మాత్రం వస్తానే ఉంది," అనేది.

అంకుల్ పక్షవాతంతో మంచం పట్టాడు. ఉక్కకు ఆయన వీపంతా పొక్కిపోయింది. ఏసీ రోజంతా రొద పెట్టినా ఆ గది చల్లబడేది కాదు.

ఒక ఆదివారం ఏసీ రిపేరు మనిషిని పిలిపించి అతుకులన్నీ మూయించింది. మధ్యాహ్నానికి గది చల్లబడింది. అంకుల్ కదలకుండా పడుకున్నాడు. రోజూ ఉండే మూలుగు కూడా లేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆంటీ గబగబా వెళ్లి ఏసీ ఆపేసింది.

"ఎందుకాంటీ? ఇప్పుడేగా చల్లబడింది?"

ఆమె అగరొత్తి వెలిగించి ఆయన ముక్కుకు కాస్త ఎడంగా పట్టుకుంది. పొగ నిటారుగా లేచింది. నేను ఆయన ఛాతీ వైపు చూశాను. అంతలో అది మెల్లగా పక్కకు ఒరిగింది.

ఆంటీ కొంగుతో మొహం తుడుచుకుని, "ఏసీ వెయ్ నాయనా," అంది.