తాళం తిప్పి ఆగు

మా ఇంట్లో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు మావయ్యనే పిలుస్తారు. ఆయన మా అమ్మకు తమ్ముడు, ముప్పై ఏళ్లుగా కార్ల మేస్త్రి. షెడ్డులో అందరూ ఆయన్ని "ఆగు మేస్త్రి" అంటారు. కొనేవాళ్లు ఉత్సాహం పట్టలేక ఇంజిన్ స్టార్ట్ చేయబోతే "ఆగు!" అని గదమాయించడం ఆయన అలవాటు. తాళం తిప్పి ఊరుకోవాలి, అంతే. అప్పుడు స్టీరింగ్ వెనక లైట్లన్నీ వెలుగుతాయి. వాటిలో ఎయిర్‌బ్యాగ్ లైటు నాలుగైదు సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి. అలా కాకుండా, ఇంజిన్ స్టార్టయ్యాక ఆయిల్ లైటుతో పాటు ఆరిందంటే, ఎవరో ఆ రెండింటి వైర్లూ కలిపేశారన్నమాట. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదన్న సంగతి దాచారన్నమాట.

ఇంజిన్ చూడమని తీసుకొస్తే ఈయన లైటు ముందు తపస్సు చేస్తాడేమిటని నేను విసుక్కునేదాన్ని. పైగా బూడిద రంగు చిన్న కారు ఎక్కడ అమ్మకానికి ఉందని విన్నా, పిలవకపోయినా వెళ్లి చూసొచ్చేవాడు. కంచం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని లేచేవాడు. "మీ మావయ్యకి ఆ రంగు పిచ్చి పట్టింది" అనేది అత్తయ్య.

మొన్న వేసవిలో నాకు కారు అవసరమైంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయించే ఉద్యోగం నాది. ఎర్ర కారు ఒకటి నచ్చి, మావయ్యని వెంటబెట్టుకుని వెళ్లాను.

అమ్మే ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. కారుని కూడా ఫొటోకి నిలబెట్టినట్టు తుడిచి, మెరిపించి పెట్టాడు. మావయ్య డోరు రబ్బరు పక్కకి లాగాడు. ఎరుపు కింద బూడిద రంగు కనబడింది. లోపల కూర్చుని తాళం తిప్పి ఆగాడు. లైటు ఆరలేదు. ఇంజిన్ స్టార్ట్ చేశాడు. రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి.

స్టీరింగ్ కింద మూత ఊడదీసి వైర్లు బయటికి లాగాడు. అతుకు మీద ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.

"నల్లది అయిపోతే ఆ రోజు ఇది చుట్టాను" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ల కిందట దెబ్బతిని వచ్చిన కారు అది. ఎయిర్‌బ్యాగ్ పేలిపోయింది, కొత్తది దొరకలేదు. షెడ్డు యజమాని "లైటు వెలక్కుండా చేసెయ్, చాలు" అన్నాడు. ఈయన చేసేశాడు. నంబరైనా రాసుకోలేదు, రాస్తే ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుందని భయం. నెల తిరక్కుండానే ఇంకో భయం పట్టుకుంది. ఎక్కడ ప్రమాదం జరిగిందని విన్నా కారు రంగేమిటని అడగడం మొదలుపెట్టాడు. అది పిచ్చి అనుకుని ఇన్నాళ్లూ నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది.

"దొరికింది కదా మావయ్యా. కొత్త బ్యాగు పెట్టిస్తే సరిపోతుంది."

ఆయన స్టీరింగ్ చుట్టూ అరచేత్తో తడుముతున్నాడు. కింది అంచు ఒకచోట లోపలికి వంగి ఉంది.

"మనిషి ఛాతీ తగిలితే తప్ప ఇది ఇలా వంగదే" అన్నాడు.

కారు కాగితాల్లో అంతకుముందు యజమాని చిరునామా ఉంది. అక్కడికి వెళ్లొద్దన్నాను. వినలేదు.

మూడో అంతస్తులో తలుపు తీసినావిడ మెడలో కొలత టేపు వేలాడుతోంది. కర్టెన్లు కుడుతుందట, వెనక గది నిండా పొడుగాటి గుడ్డలు. కారు గురించి అడగడానికి వచ్చామనగానే, ఇప్పుడు దాన్ని కొనబోయేవాళ్లమనుకుంది.

"మీ దగ్గర దాచకూడదు. మా ఆయన ఆ కారులోనే పోయారు" అంది. "కానీ బండిదేం తప్పు లేదండీ. ఏడేళ్లు నడిపారు, ఒక్క ఎర్ర లైటు వెలిగి ఎరగదు. తప్పు నాది. అత్తయ్యగారికి ఒంట్లో బాలేదు, త్వరగా రమ్మని ఫోన్ చేశాను. ఆ కంగారులో గోడకి గుద్దారు. అంత పెద్ద దెబ్బ కూడా కాదన్నారు. నాలుగేళ్లయింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడరు."

నేను మావయ్య చొక్కా పట్టుకుని లాగాను. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం, వెళ్లిపోదాం అనిపించింది. నిజంగానే అనిపించింది.

"కాదమ్మా" అన్నాడు మావయ్య. "ఆ లైటు వెలక్కుండా చేసింది నేను. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు. అది ఉండుంటే మీ ఆయన ఆ రోజు నడుచుకుంటూ ఇంటికొచ్చేవారేమో."

ఆవిడ అరుస్తుందనుకున్నాను, చెంప పగలగొడుతుందనుకున్నాను. మెడలోని టేపు తీసి వేలికి చుట్టింది. మళ్లీ విప్పింది.

"ఇంకోసారి చెప్పండి."

ఆయన మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. యజమాని మాట వచ్చినచోట ఆగి, "చేసిన చేతులు మాత్రం నావే" అన్నాడు.

ఆవిడ తలుపు బార్లా తీసింది. "అత్తయ్యగారు ఆ గదిలో ఉన్నారు. రండి. ఇదే మాట, మీ నోటితోనే, ఆవిడకి చెప్పండి."

మావయ్య చెప్పులు విప్పి, గుడ్డల మధ్య నుంచి లోపలికి నడిచాడు.

"ఎవరు?" అంది ముసలావిడ గొంతు.

మావయ్య ఆవిడ ముందు నేల మీద కూర్చుని, "మీ అబ్బాయి నడిపిన కారులో ఎయిర్‌బ్యాగ్ లేదన్న సంగతి దాచిన మేస్త్రినమ్మా" అన్నాడు.