నాలుక కింద మాత్ర

ఆటోనగర్‌లో ఓ టైర్ల షాపు వెనక రెండు గదుల్లో మా సెంటరు ఉండేది. నేను అక్కడ నర్సుని. నొప్పి ఇంజెక్షన్లకి అలవాటు పడి, చేతులనిండా మచ్చలు చేసుకున్నవాళ్లు రోజూ పొద్దున్నే వచ్చేవాళ్లు. వాళ్లకి ఒక చిన్న తెల్ల మాత్ర ఇవ్వాలి. మింగకూడదు, నమలకూడదు. నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. మాట్లాడితే ఉమ్మితో పాటు మందూ గొంతులోకి జారిపోతుంది, ఇక పనిచెయ్యదు. ఎవరూ దాన్ని జేబులో వేసుకుపోకుండా నేను ఎదురుగా కూర్చుని చూడాలి. ముప్ఫైమంది పెద్దవాళ్లు బెంచీల మీద మూతులు బిగించుకుని కూర్చుంటే కొత్తవాళ్లకి ఇదేదో మౌనవ్రతం అనిపించేది. కానీ ఆ మాత్ర పడితే వణుకుండదు, సూది మీదకి మనసు పోదు. మనిషి లేచి పనికి వెళ్తాడు. ఆర్నెల్లకోసారి వేలు గుచ్చి హెచ్ఐవీ పరీక్ష కూడా నేనే చేసేదాన్ని.

వాళ్లలో ఒకాయన్ని అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. లారీల వెనక అక్షరాలూ బొమ్మలూ వేసే పెయింటరు. నిచ్చెన మీంచి పడి నడుం దెబ్బతిన్నప్పుడు వీధి డాక్టరు వేసిన ఇంజెక్షన్‌తో మొదలైంది ఆయన కథ. తర్వాత తనే పొడుచుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకళ్ల సూదితో పొడుచుకున్నాడు. హెచ్ఐవీ అలా వచ్చింది. మా దగ్గర చేరాక ఈ మాత్రా, హెచ్ఐవీ మందూ రెండూ తప్పకుండా వేసుకునేవాడు. భార్యకి అంటలేదు. “నన్ను చూసి ఏడవకు అని రాస్తే ఇప్పుడు నాకే ముచ్చటేస్తోంది సిస్టరమ్మా, తలకట్లన్నీ చక్కగా కుదురుతున్నాయి” అనేవాడు.

ఒకరోజు మాకు డబ్బులిచ్చే సంస్థ నుంచి ఓ సారు వచ్చారు. మా సెంటరు విలువ ఎంతో తేల్చడానికట.

“ఈ ఏడాది కొత్త హెచ్ఐవీ కేసులెన్నమ్మా?” అని అడిగారు.

“ఒక్కటీ లేదండీ” అన్నాను గర్వంగా.

ఆయన మొహం వాడిపోయింది. “ఒక్కటీ లేదా? మరి ఇక్కడ ప్రాజెక్టు దేనికి?”

“సెంటరుంది కాబట్టే లేవండీ.”

“అదెలా తెలుస్తుంది? రాని కేసులకి రిజిస్టరేదైనా పెట్టారా?”

లేదన్నాను. నిజంగానే నాకు ఆ ఆలోచన రాలేదు. ఉండబట్టలేక, “ఈ ఏడు కృష్ణకి వరద రాలేదని కరకట్ట తవ్వేస్తామా అండీ?” అన్నాను.

“కరకట్ట ఇరిగేషన్ వాళ్లదమ్మా. మన స్కీములో లేదు” అన్నారాయన, ఏ మాత్రం కోపం లేకుండా.

తర్వాత పేషెంట్లతో మాట్లాడతానన్నారు. అప్పుడే అందరికీ మాత్ర వేశాను. “పది నిమిషాలు ఆగితే కరిగిపోతుందండీ” అంటే, మంగళగిరిలో ఇంకో విజిట్ ఉందట, ఆగడానికి లేదన్నారు. గది మధ్యలో నిలబడి, “మీకు ఈ సెంటర్ వల్ల ఉపయోగం ఉందా?” అని గట్టిగా అడిగారు.

ముప్ఫైమందీ ఆయన వైపే చూశారు. ఎవరూ నోరు తెరవలేదు. చల్లపల్లి అవతల్నించి మొదటి బస్సుకి వచ్చే ఒకావిడ, హోటల్లో గిన్నెలు తోముకునే మనిషి, ఆదుర్దాలో ఏదో అనబోయి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. భాయ్ ఆగలేకపోయాడు. లేచి సుద్దముక్క తీసుకుని గోడకున్న నల్లబోర్డు మీద ‘ఉంది’ అని రాయబోయాడు. కానీ పనిమంతుడు కదా, ముందు అంచు గీశాడు, దానికి నీడ వేశాడు, సున్నా చుట్టూ ఓ తీగ తిప్పాడు.

“ఉం... అంటే?” అన్నారు సారు, వాచీ చూసుకుంటూ.

‘ది’ మొదలయ్యేసరికి ఆయన కారు గేటు దాటింది. నెలలోపే కాయితం వచ్చింది. లబ్ధిదారుల నుంచి స్పందన లేదనీ, సమస్య తీవ్రత కూడా లేదనీ, సెంటరు మూసి అందర్నీ పెద్దాసుపత్రికి పంపమనీ.

మూసేశాం. తాళాలూ, స్టాంపులూ హెడ్డాఫీసుకి అప్పగించాం. మూడోరోజు భాయ్ ఫోన్ చేస్తే వెళ్లాను. ఆసుపత్రి కౌంటరు ముందు ఆవులిస్తూ, ముక్కు తుడుచుకుంటూ, ఒళ్లంతా గగుర్పొడిచి నిలబడి ఉన్నాడు. మాత్ర లేక రెండు రోజులైంది.

“ఈయన యూరిన్ రిపోర్టులో మత్తుమందు లేదు. అలవాటే లేనివాడికి మాత్ర ఎలా ఇస్తాం?” అన్నాడు గుమాస్తా.

“మాత్ర వేసుకున్నాను కాబట్టే లేదు సార్” అన్నాడు భాయ్.

“అయితే బాగైపోయావుగా. ఇంకెందుకు?”

భాయ్ నన్ను పక్కకి తీసుకెళ్లాడు. “సిస్టరమ్మా, ఒక్కసారి ఇంజెక్షన్ వేసుకుని రానా? రిపోర్టు సరిపోతుంది” అన్నాడు. ఎగతాళి కాదు. దరఖాస్తుకి ఫోటో జతచెయ్యాలా అని అడిగినట్టు అడిగాడు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను.

మళ్లీ గుమాస్తా దగ్గరికెళ్తే, పాత సెంటరు నుంచి స్టాంపు వేసిన బదిలీ లెటరుంటే రిపోర్టు అక్కర్లేదన్నాడు. లెటరుహెడ్డు నా బ్యాగులో ఉంది, స్టాంపు లేదు. ఆసుపత్రి ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చుని లెటరు రాశాను. భాయ్ జేబులోంచి సన్న కుంచె తీశాడు, ఊదారంగు సిరా కొనుక్కొచ్చాడు. తప్పని తెలుసు. వద్దనలేదు. కుడిచేతి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని గుండ్రంగా గీశాడు. చెయ్యి వణికి అక్షరాలు వంకరపోయాయి, ఒక పక్క సిరా అలుక్కుపోయింది. “ముప్ఫై ఏళ్లలో ఇంత చండాలమైన పని చెయ్యలేదమ్మా” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

గుమాస్తా దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. “ఆఁ, ఇదీ ఒరిజినల్ అంటే” అని సంతకం పెట్టాడు.

మిగతావాళ్ల లెటర్లకి కూడా భాయ్‌నే అడిగాం. అప్పటికి మాత్ర పడి చెయ్యి కుదిరింది. స్టాంపులు మరీ అందంగా వచ్చేవి. వేలితో రుద్ది పాడుచెయ్యాల్సి వచ్చేది.

చల్లపల్లి వైపు ఆవిడకి లెటరున్నా లాభం లేకపోయింది. ఆటోనగర్‌లో బస్సు దిగి మా సెంటరుకి నడిచొచ్చేది. ఆసుపత్రికి ఇంకో బస్సు మారాలి. రెండు రోజులు ఆవిడ చేరేసరికి కౌంటరు మూసేశారు. మూడోరోజు రాలేదు. కొన్ని నెలల తర్వాత, నేనో ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేస్తుండగా, వెతుక్కుంటూ వచ్చింది. చేతిమీద కొత్త మచ్చలున్నాయి. పరీక్షకి నేనే తీసుకెళ్లాను. పాజిటివ్ అని నేనే చెప్పాను.

ఏడవలేదు. కొంగు సర్దుకుని, “అయితే ఇప్పుడు మన సెంటరు మళ్లీ తెరుస్తారా అండీ?” అని అడిగింది.

తెరిచారు. ఆవిడతో పాటు ఇంకొందరికి వచ్చినట్టు తేలాక, సారే ఫోన్ చేశారు. “కంగ్రాట్యులేషన్స్ అమ్మా, ఇప్పుడు మీ ఏరియాకి జస్టిఫికేషన్ ఉంది” అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. థాంక్సండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక బాత్రూములోకి వెళ్లి చాలాసేపు పంపు తిప్పి ఉంచాను. ఆ మాట ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ రెండు మందులూ మానకుండా వేసుకుంటోంది. ఒళ్లు చేసింది. జాకెట్లన్నీ బిగుతైపోయాయి, దానికీ ఏదైనా మాత్రుందా అని అడుగుతుంది. దానికి మాత్రం టైలరు దగ్గరికే పోవాలని చెప్తున్నాను.