అన్న సైకిలు మీద నా కుళ్లు

మొన్న శుక్రవారం నేనూ మా ఆవిడా కొత్త కారుకు పూజ చేయించడానికి అలిపిరికి వెళ్లాం. వరసలో అన్నీ కార్లే. నా ముందు మాత్రం చామంతి దండ వేసుకుని ఒక నల్ల సైకిలు నిలబడి ఉంది. దాని పక్కన నుదుటి నిండా బొట్టుతో నిలబడినవాడు మా పెదనాయన కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. రిటైరయ్యాక తిరుపతిలోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటున్నాడు. పూజారి నా కారు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు, అన్న సైకిలుకు రెండు. జనం మాత్రం ఆ రెండు నిమ్మకాయల దగ్గరే మూగారు. ఒకాయన తన కారు దిగి వచ్చి మరీ సైకిలు బెల్లు కొట్టి చూశాడు. నా కారు వైపు తల తిప్పిన వాడు లేడు. నాకు కుళ్లు పుట్టింది.

"హాలండోళ్లు తొక్కే రకమప్పా. బెంగుళూరు నుంచి తెప్పించినాను," అని అన్న వాళ్లకు చెబుతున్నాడు. "చైనంతా డబ్బాలో ఉండాది సూడు, మట్టి సోకదు, పంచెకు నూనె అంటదు. వంగి తొక్కే పని లేదు. కుర్చీలో కూసున్నట్టు పోవచ్చు."

ఈ మాటలు నాకు కొత్త కావు. పలమనేరు దగ్గర మా పల్లెలో పెదనాయనకు అచ్చం ఇలాంటి సైకిలే ఉండేది. స్టాండు వేస్తే గోడలా నిలబడేది. పాల క్యాన్లు రెండు వైపులా వేలాడదీసినా వంకర పోయేది కాదు. చైనుకు నిండు రేకు కవరు, వెనక చక్రానికి డైనమో. పాలు పోసి వచ్చాక అది మమ్మల్ని బడికి చేర్చేది. "పెద్దోడు తొక్కుతాడు, సిన్నోడు ఎనక కూసుంటాడు," అని పెదనాయన ఒకసారి అన్నాడు, ఇక ఆ మాటకు తిరుగు లేదు. రెండు పుస్తకాల సంచులూ ఒళ్లో పెట్టుకుని, అన్న చొక్కా వీపు తప్ప ఏమీ కనపడని క్యారియర్ మీద నా చదువంతా సాగింది. బెల్లు కొట్టే అధికారం కూడా వాడిదే. అన్న కాలేజీకి చిత్తూరు పోతే సైకిలు నాదవుతుందని ఏడాదంతా కాచుకున్నాను. తీరా ఆ రోజు సైకిలు కూడా బస్సు మీదికెక్కి వాడితోపాటే చిత్తూరు పోయింది. నేను బడికి నడిచాను. తర్వాత స్కూటరు కొన్నాను, కార్లు కొన్నాను, ఆ సీటు మీది ఆశ మాత్రం చావలేదు.

పూజ అయింది, నిమ్మకాయలు నలిగాయి. అన్న నన్ను చూసి క్యారియర్ మీద అరచేత్తో తట్టాడు. "రారా, ఒక రౌండు పోదాం."

"ఈసారి నేను తొక్కుతా. నువ్వు ఎనక కూసో," అన్నాను.

మా ఆవిడ నా మోకాళ్ల వైపు చూసి, "తాళం ఇట్లియ్యండి, కారు నేను తీసుకొని పోతా," అంది.

అన్న పంచె సర్దుకుని వెనక కూర్చున్నాడు. సైకిలు చప్పుడు లేకుండా కదిలింది. హ్యాండిలు తనే నా చేతుల్లోకి వచ్చినట్టుంది. నడుము నిటారుగా, అచ్చం పెదనాయనలా వెళుతున్నాను. నాకు పట్టరాని సంతోషమేసింది. మిట్ట రాగానే ఊపిరి అందలేదు. చెమట కళ్లలోకి దిగింది. వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్న అన్న నా వీపుకు ఆనుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఒరే, ఈడ కూసుంటే కొండ ఎంత బాగా అగపడతాదిరా. ఇన్నాళ్లూ నాకు తెలీనే లేదు," అన్నాడు.

పలమనేరు చలిలో, ప్రతి మిట్ట దగ్గరా వాడి వీపు మీద నేను నిద్రపోయిన పొద్దులు అప్పుడు గుర్తొచ్చాయి. మిట్టలన్నీ వాడే తొక్కాడు. అయినా జాలి కలగలేదు. వెనక హాయిగా కూర్చున్న వాడిని తలుచుకుని మళ్లీ కుళ్లుకున్నాను. కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, నా కుళ్లును మాత్రం సీటు మీంచి దించి క్యారియర్ మీద కూర్చోబెట్టింది, అంతే.