మావ ఆటోలో దొరకని చీరలు

మావ అప్పటికే ఆటో వెనక సీటు పీకేసి, లోపల తల దూర్చి వెతుకుతున్నాడు.

"పది సీరలే ఎక్కించానే ఒసే! నానే మడతెట్టి ఎక్కించాను!"

అరసవల్లిలో నేను పనిచేసే కొట్టుకి పొందూరు ఖద్దరు చీరలు తెచ్చేది మా మావే. ఆ సాయంత్రం లేబుళ్లు అంటించబోయిన ఓనరమ్మ ఆగిపోయింది. నేను తీసిన ప్రింటులో రెండు, నాలుగు, ఆరు, అలా ఇరవై దాకా ఉన్నాయి నంబర్లు.

"ఒకటేదయ్యా? మూడేది? సగం సీరలు దారిలో ఎవలికిచ్చీసినావు?"

ఆ మాట వినగానే మావ ఆటో దగ్గరికి పరిగెత్తాడు. ఇన్నాళ్లూ నమ్మకం మీదే సరుకు మోశాడు. ఈ కొట్టు వద్దంటే ఆటోకి పనే లేదు.

నా చదువు టెన్త్, ఆపైన కొంచెం కంప్యూటరు. చీరల వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో కొడతాను. దాన్ని లేబుళ్లుగా మార్చి నంబర్లేసే టెంప్లేటు విజయనగరంలో ఒకన్నయ్య రాసిచ్చాడు. ఆయనకే ఫోను చేశాను.

"ప్రతి సీరకీ ముందు ఎంటర్ కొడతన్నావేటి?"

"కొట్టాలి కదన్నయ్యా! లేకపోతే అన్నీ అంటుకుపోయి ఏటీ అగుపడదు."

"ఆ ఖాళీ నీకే ఖాళీ. టెంప్లేటుకి అదీ ఒక సరుకే. లేబులు రాదు గానీ నంబరు తినేస్తాది."

నవ్వాగలేదు నాకు. ఖద్దరు నలగకుండా చీరకీ చీరకీ మధ్య కాగితం పెట్టడం మా అత్త నేర్పింది. ఫైల్లోనూ అదే చేశాను. కంప్యూటరు కాగితాలకి కూడా నంబర్లు ఇచ్చేసింది!

ఖాళీలను వదిలెయ్యమని చెప్పే లైను ఒకటి అన్నయ్య చెప్తుంటే టెంప్లేటు మొదట్లో కొట్టాను. మళ్లీ ప్రింటు తీస్తే ఒకటి నుంచి పది. ఓనరమ్మ చీరలు ఒక్కొక్కటీ తడిమి చూసి, గొంతు తగ్గించింది.

"టీ తాగెల్లయ్యా. పంచదార ఎక్కువేయించాను."

"తాగుతానమ్మా. సీరలు దొరకలేదు గానీ, దీని పాత దువ్వెన దొరికింది," అని నా చేతిలో పెట్టాడు మావ.

ఆ పీకిన సీటు మాత్రం మళ్లీ కూర్చోలేదు. ఇంటి దాకా ఎగురుతూనే వెళ్లిందట.

మర్నాడు పొద్దున్నే మావ ఇంటికి వెళ్లి, ఆ సీటు మీద బరువంతా వేసి కూర్చున్నాను. ఆయన కింద దూరి బోల్టులు బిగిస్తూ, "కదలకే ఒసే, ఇప్పుడైనా నీ తిండి పనికొచ్చింది!" అన్నాడు.