మసి మచ్చ దాకా కనిపించే కెమెరా

మా ఆయనకు ముసునూరు దగ్గర మామిడి తోట, నూజివీడులో కాయల కొట్టు ఉండేవి. ఎనభైల మధ్యలో ఒకసారి మద్రాసు వెళ్లి జపాను కెమెరా కొనుక్కొచ్చారు. బీరువాలో మంచి అర దానికిచ్చి, నా పట్టుచీరలను ట్రంకుపెట్టెలోకి మార్చారు. వానాకాలం లెన్సుకు బూజు పడుతుందని ఆ అరలో చిన్న బల్బు వెలిగించేవారు. పిల్లల బట్టలు ఆరక వాసన కొడుతున్నా ఆయన ముక్కుకు తెలిసేది కాదు.

మనుషులను తీసేవారు కాదు. మనుషులు కదులుతారట. మా అత్తగారు ఒకరోజు కొత్త చీర కట్టుకుని అరగంట కుర్చీలో కూర్చున్నారు. ఆయన వెలుతురు చూసుకుని, చూసుకుని, చివరికి పక్కనున్న తులసాకు మీది నీటిబొట్టును తీశారు. ఆవిడ మళ్లీ ఫొటో ఊసెత్తలేదు.

ఒక వేసవిలో ఢిల్లీ వ్యాపారి ఒకాయన మా బంగినపల్లి కాపు కొంటానని, ముందు సరుకు చూపించమని కబురు చేశాడు. ఓ బుట్ట కాయలు లారీలో పంపమన్నాను నేను.

"కాయ దారిలో మెత్తబడుద్ది. ఫొటోకి ఏమవుద్ది?" అన్నారు.

రెండు రోజులు పొద్దుటి ఎండ కోసం కాచుక్కూర్చుని, చెట్టు మీది గుత్తిని ఫొటో తీసి, విజయవాడలో పెద్దది చేయించారు. తొడిమె మీద దుమ్ము, తొక్క మీద చుక్కలు, అన్నీ కనిపించాయి. ఆ ఏడు పురుగు పడి, దాని జిగురు మీద కాయకు అక్కడక్కడా అంటిన మసి కూడా కనిపించింది. తోటలో మామూలు కంటికి అది ఆనేదే కాదు. ఇది పంపొద్దని చెప్పాను. పంపారు.

మసి పట్టిన సరుకు తనకొద్దని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. రెండోసారి మొహం వెలిగిపోయింది.

"చూశావా, ఢిల్లీలో కూర్చున్న మనిషికి మచ్చ కనపడిందంటే లెన్సు ఎంత గట్టిదో."

బేరం పోయినందుకు అంత మురిసిపోయిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. కోపం కూడా రాలేదు నాకు, ఏదో అసహ్యం వేసింది. మర్నాడు అత్తగారూ, నేనూ, ఇద్దరు కూలీలూ కూర్చుని తడిగుడ్డతో కాయలు తుడిచాం. మసి తేలిగ్గానే పోయింది. ఆయనకు చెప్పకుండానే బాగున్నవి ఏరి, ఓ బుట్ట ఢిల్లీ లారీ ఎక్కించాను.

పది రోజులకు ఆ వ్యాపారే దిగాడు. అరుగు మీద కూర్చుని రెండు కాయలు తిని, బుట్ట పంపి మంచిపని చేశారని నాతో అన్నాడు. అప్పటికి సగం కాపు ఇక్కడే అమ్మేశాం. మిగిలిన సగం ఆ వ్యాపారి తీసుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ మా ఆయన ఒకటే చెప్పేవారు: ఢిల్లీ మనిషి ఫొటో చూసే నూజివీడు వెతుక్కుంటూ వచ్చాడని. నేను వింటూనే కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.