మడ్డి వాసన

చింతామణి నుంచి బాగేపల్లి పోయే బస్సులో, మధ్యాహ్నపు ఎండకు నాకు కళ్ళు మూతలు పడుతున్నప్పుడు, మాడిన బెల్లంలాంటి పుల్లటి వాసన నా కలలోకి వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే పక్క సీట్లో ఒకామె కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ మధ్య ఒక మూట ఉంది.

"ఏందమ్మా, సారాయి కంపు?" అన్నాడు కండక్టరు.

"సారాయి కాదప్పా, ఎరువు. చెనక్కాయ చేనికి," అని నవ్వి, ఆమె నా వైపు తిరిగింది. "భాస్వరం రాయి పొడి ఊరికే చల్లితే రాయి రాయిగానే ఉంటాదంటమ్మా. సారాయి ఫ్యాక్టరీ మడ్డి కలిపి మాగబెడితే మెత్తబడతాదంట. అప్పుడు వేర్లు తాగుతాయంట."

అంటూనే మూట మూతికి ఇంకో ముడి వేసింది. అప్పటికే రెండు ఉన్నాయి.

"మా ఆయన తాగేది మానేసి ఒక పంట అయిందమ్మా. ఈ వాసన నేనే ఇంటికి ఎత్తుకపోతాండా. భయంగా ఉండాది."

కిటికీ బయట బండరాళ్ళ గుట్టలు ఎండలో తేలుతూ వెనక్కి పోతున్నాయి. అవన్నీ లోలోపల మెత్తబడుతున్నట్టే అనిపించింది నాకు.

"అదో, ఆయనే," అంటూ ఆమె పాతపాళ్యలో దిగింది. ఎదురొచ్చిన భర్త మూట అందుకుని, భుజాన వేసుకోబోతూ ఆగాడు. ముడుల దగ్గర ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. ఆమె చేతులు గాలిలోనే నిలిచిపోయాయి.

ఆయన కళ్ళు తెరవకముందే బస్సు కదిలింది.

ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం మాడితే, ఆయన కళ్ళు తెరిచేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.